పిన్ని గదికి వెచ్చని రంగు

డిగ్రీ పూర్తయి, ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో నాకు తెలియని విద్య ఉండేది కాదు. ఫోన్లో ఒక వీడియో చూస్తే చాలు, అందులో ఆరితేరిపోయినట్టే. లంబసింగిలో ఉండే మా పిన్ని, చలికాలం టూరిస్టులకు అద్దెకిచ్చే గదికి రంగు మార్పిస్తానని ఫోన్లో మాటవరసకు అంటే, ఆ తర్వాతి బస్సుకే బయలుదేరాను (రమ్మని ఆవిడ అనలేదు).

పిన్నికి ఆకాశం రంగు ఇష్టం. "నీలం వేస్తే గది ఇంకా చల్లగా అనిపిస్తుంది పిన్నీ. చలికాలానికి వెచ్చని రంగులుండాలి" అన్నాను. "గోడని సూత్తే సలి తగ్గుద్దేటే? దుప్పటి కప్పుకుంటే తగ్గుద్ది గానీ" అంది పిన్ని. అయినా చదువుకున్న పిల్లనని నా మాట కాదనలేకపోయింది. గోడలకు ముదురు పసుపు, కిందా పైనా తలుపు చుట్టూ ఎర్రటి పట్టీ అని తేల్చేశాను. ఊరంతా సున్నం మావయ్య అని పిలిచే పెయింటరు రంగు కలుపుతూ, "ఇలాటియి శానా ఏసేనమ్మా. మంచం ఉండే గదికి మాత్రం ఇదే మొదలు" అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

రంగు ఆరిన మర్నాడు పొరుగింటి మామ్మ చిక్కుడుకాయలు ఇవ్వడానికి వచ్చింది. గుమ్మం బయట చెప్పులు వదిలి, లోపలికి తొంగిచూసి, దణ్ణం పెట్టి, "అమ్మోరిని ఎప్పుడు నిలబెడతన్నారు?" అని అడిగింది. నేనూ అప్పుడే సరిగ్గా చూశాను: పసుపు గోడలు, కుంకుమ పట్టీ, మధ్యలో డబుల్ కాట్. మళ్ళీ వేయించే వ్యవధి లేదు. ఆ మధ్యాహ్నమే రాజమండ్రి నుంచి కొత్తగా పెళ్ళయిన జంట దిగుతోంది.

వాళ్ళూ చెప్పులు బయటే విప్పారు. కాసేపటికి పెళ్ళికొడుకు బయటికొచ్చి, తల గోక్కుంటూ, "వేరే గది ఏదైనా ఉందాండీ? ఇందులో మరీ... మా ఆవిడ బాగుండదంటోందండి" అన్నాడు. నేను వంటింట్లోకి పారిపోయాను. పిన్ని తన గది వాళ్ళకిచ్చేసి, తన పరుపూ దిళ్ళూ మోసుకుని ఆ పసుపు గదిలోకొచ్చింది. మంచం మీద కూర్చుని నాకేసి చూసి, "వెచ్చగుందేటే?" అంది. నేను వెళ్ళి ఇంకో దుప్పటి తెచ్చిచ్చాను.

తెల్లారగానే బట్టలు సర్దుకున్నాను. బస్సు వచ్చేలోపు కుర్రాళ్ళ బృందమొకటి జీపులో దిగింది. అలాంటి వాళ్ళొచ్చి వెళితే గాజుపెంకులు ఏరుకోవడం పిన్నికి ప్రతి చలికాలమూ ఉన్న పనే. వీళ్ళ సంచీలోనూ సీసాలు గలగలమన్నాయి. ముందు లోపలికెళ్ళినవాడు గోడలు చూసి ఆగిపోయాడు. "ఒరే, ఇక్కడొద్దురా, బాగోదు" అన్నాడు మెల్లగా. సీసాల సంచీ మళ్ళీ జీపెక్కింది, వాళ్ళు మాత్రం చెప్పులు విప్పి లోపలికెళ్ళారు. పిన్ని నా భుజానికున్న బ్యాగు తీసి లోపల పెట్టింది. "నువ్వెల్పోతే పక్కనున్న నా గదికి ఎవులేయిత్తారు? బేగి సున్నం మావయ్యని పిలు" అంది.

ఇప్పుడు మా ఇంటికి రంగు వేయించాల్సి వస్తే, దుకాణంలో పరిచిన రంగుల అట్టల ముందు చాలాసేపు నిలబడి, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి తెలుపు చాలంటాను. అంత ధీమాగా గోడకేసి వేలు చూపించిన ఆ పిల్ల ఒక్కసారి వచ్చి పక్కన నిలబడితే బాగుండుననిపిస్తుంది.