సున్నం పూయని కుండ

మా మామగారు తీపికల్లు పుక్కిట పట్టి, అది ఏ చెట్టుదో చెప్పేసేవారు. సముద్రం వైపు ఇసకలో పెరిగిన తాటిచెట్టైతే నాలుక చివర ఉప్పదనం తగులుతుందట. వరిగట్టు మీది చెట్టుది చెరకురసంలా తీపి. మెట్ట మీది చెట్టుది కాస్త వగరు. నాకన్నీ ఒకటే రుచి. కొత్త కోడల్ని, నాకేం తెలుసు?

మద్యనిషేధం రోజులవి. తాటిబెల్లం వండుకోవడానికి మాత్రమే మామగారికి లైసెన్సుండేది. కుండ లోపల సున్నం పూస్తే కల్లు పులవదు. పూయకపోతే తెల్లారేసరికి పులిసి కూర్చుంటుంది. దొరికితే లైసెన్సు పోవడమే కాదు, జైలు. ఆ సున్నం పూసే పని నాది.

ఆ ఏడు చెట్లున్న పొలం రైతు, గీసుకోమని రెండు కొత్త చెట్లు ఇచ్చాడు. కొత్త చెట్లకు కట్టే తొలి కుండకి పసుపు రాసి బొట్టు పెట్టడం మా ఇంటి ఆచారం. తెలివితక్కువదాన్ని, కుండ లోపల కూడా రాసేశాను. దానిమీద సున్నం పడగానే నెత్తురులా ఎర్రబడింది. తొలి కుండలోనే ఎరుపు! అపశకునమనుకున్నాను. గబగబా కడిగేశాను. మళ్లీ పూస్తే మళ్లీ ఎర్రబడుతుందేమోనని, ఉత్త కుండే ఇచ్చి పంపేశాను.

మర్నాడు పొద్దున్నే ఎక్సైజు ఆయన సైకిలు మీద వచ్చాడు. ఒక్కో కుండా దింపించి, గ్లాసులో పోయించి వాసన చూస్తున్నాడు. చెట్ల కింద బెల్లం పొయ్యి దగ్గరున్న నేను గరిట తిప్పడం మానేసి అటే చూస్తున్నాను.

"ఏటే, అలగున్నావు? జొరమొచ్చిందేటి?" అంది అత్త.

మామగారికి ఎదురుపడి మాట్లాడే అలవాటు మా ఇంట్లో కోడళ్లకు లేదు. చెబుదామంటే నోరు పెగలదు, చెప్పకపోతే ఆయనకు బేడీలు.

మామగారు ఆ కుండ కట్టిన కొత్త చెట్టెక్కారు. కుండలోకి తొంగిచూసి, వాసన పట్టి, పైనుంచి నా వైపే చూశారు. నేను తల దించేసుకున్నాను. ఆయన దిగుతుంటే సగం దారిలో కుండ జారి, రాయి మీద పడి పగిలింది.

"సెయ్యి జారిపోనాది బాబూ," అన్నారు. ఎక్సైజు ఆయన విసుక్కుని తక్కిన చెట్ల వైపు నడిచాడు.

ఆ సాయంత్రం మామగారు సున్నం చిప్ప తెచ్చి నా ముందు పెట్టారు. కుండ అంచున మిగిలిన ఎర్ర మరక చూసుంటారు. "ఎర్రబడితే పడనీ గుంటా. సున్నం మాత్రం మానకు," అన్నారు. అంతే.

చెట్టెక్కడం నేర్చాక ఒక్క కుండ జారనివ్వని మనిషి. ముసలాడికి చేతులు వణుకుతున్నాయని ఊరంతా అనుకుంది. ఆ వారంలోనే రైతు కొత్త చెట్లు వేరేవాళ్లకిచ్చేశాడు. మామగారు కిక్కురుమనలేదు. పుట్టింటికి పంపేస్తారన్న భయంతో నేనూ నోరు విప్పలేదు.

ఆయన పోయిన రోజున కూడా ఎవరో ఆ కుండ మాటే ఎత్తారు. "సేతిలో పట్టు తప్పీసింది పాపం," అంటుంటే, పక్కనే కూర్చుని విన్నాను. అప్పుడు కూడా నిజం చెప్పడానికి నాకు భయమే వేసింది.