రీలు నిండా ఒడ్డున దొరికిన చెత్తే

అద్దంకి దగ్గర మిరప చేలు తప్ప మరో లోకం చూడని మా అత్తయ్య, యాభై దాటాక, ఒక కార్తీక పౌర్ణమికి మొదటిసారి సముద్రస్నానానికి బయల్దేరింది.

"అమ్మాయ్, నేను సముద్రంలో నిలబడ్డట్టు ఒక ఫోటో తియ్యాలి. ఇరుగూ పొరుగూ చూడాల," అని దారంతా ఒకటే పోరు. కొత్త కోడలినైన నేను మా ఆయన కెమెరా మెళ్ళో వేసుకుని, "అదెంత పనండీ" అన్నాను. అందులో ఉన్నది ముప్పై ఆరు ఫోటోల రీలు.

వాడరేవులో ఆవిడ ఒడ్డున దీపం వెలిగించే హడావుడిలో ఉండగా, నా కాలికి ఒక తాటిమట్ట ముక్క తగిలింది. ఉప్పు చారలు కట్టి ఉంది. వంగి కెమెరాలోంచి చూస్తే మట్ట లేదు, కొండల మధ్య ఏరు పారుతోంది. పీత బొరియ చుట్టూ ఇసుక గుళికలు తోటలయ్యాయి. విరిగిన ఆల్చిప్పలో మబ్బు పట్టిన ఆకాశం. ఇక నాకు ఒళ్ళు తెలియలేదు, ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ పోయాను.

ఆవిడ నడుం లోతు నీళ్ళలో నిలబడి "తియ్యవే!" అని కేకేసేసరికి రీలు అయిపోయింది. చెప్పే ధైర్యం లేక కెమెరా కంటికి ఆనించి, నోటితోనే టిక్కుమన్నాను. ఆవిడ మాత్రం ఎంత చక్కగా నవ్విందో!

ఫోటోలు కడిగించి తెచ్చాక, మిరపకాయల్లో తాలు ఏరినట్టు ఆవిడ చాప మీద పోసుకుని ఏరడం మొదలుపెట్టింది.

"ఇది వానకి ముందు మన రేగడి చేను. ఇది చీమకుర్తి కొండ. ఇది తాలు."

తాలని విసిరేసింది నేను ఎంతో మురిసిపోయిన ఆల్చిప్పని. నాకు ఒళ్ళు మండింది.

"అన్నీ బానే ఉన్నయ్యి. నేనేదే?"

"మీరు మునిగినప్పుడు నొక్కానేమో, అత్తయ్యా."

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి ఫోటోలు పోగుచేసింది. సాయంత్రం పక్కింటావిడ వస్తే, తాటిమట్ట ఫోటో చేతికిచ్చి "ఇదిగో, సముద్రంలో నేను" అంది.

"ఇందులో నువ్వెక్కడున్నావు వదినా?"

"మునిగున్నానంట. మా కోడలు చెబుతోంది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. తేలు కుట్టిన దొంగలా నేనూ నవ్వాను, గండం గడిచిందనుకున్నాను.

పక్కింటావిడ వెళ్ళిపోయింది. అత్తయ్య ముప్పై ఆరు ఫోటోలూ మళ్ళీ ముందేసుకుని, ఒక్కొక్కటే వెలుగుకేసి పట్టుకుని వెతకసాగింది, ఏ మూలైనా తను పడిందేమోనని. నాకు ఏడుపొచ్చింది.