మా పెరట్లో గోబర్ గ్యాసు గుంత

నేను కోడలిగా వచ్చింది ఎమ్మిగనూరు దగ్గరి పల్లెకు. రెండు మగ్గాలు, కొంచెం చేను, రెండు ఎద్దులు, మూడు బర్రెలు ఉన్న ఇల్లు. వంటంతా పత్తికట్టె మీద, పిడకల మీద. వానకాలం తడికట్టెను ఊదుగొట్టంతో ఊది ఊది నా కండ్లు ఎర్రగా వాచిపోయేవి. మా అత్తకు అప్పటికే ఒక కంటిచూపు మందగించింది. ఆదోని డాక్టరు చూసి, పొగలోకి పోవద్దని చెప్పి పంపినాడు. పొగలోకి పోకుండా వంటెట్లా చేయాల్నో మాత్రం చెప్పలేదు. కిరసనాయిలు స్టవ్వు ఉన్నా, డబ్బా పట్టుకొని రేషన్ షాపు ముందు వరసలో నిలబడితే నా వంతుకు నూనె అయిపోయేది.

ఎనభైల మొదట్లో పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి రచ్చకట్ట దగ్గర గోబర్ గ్యాసు గురించి చెప్పినాడు. గుంత తవ్వి, ఇటుకలతో కట్టి, పేడనీళ్లు పోసి, పైన ఇనుప డ్రమ్ము బోర్లించాల. పేడ మురిగి పుట్టే గ్యాసు డ్రమ్మును పైకి లేపి, గొట్టంలో పొయ్యికి వస్తుంది, పొగ ఉండదు. మగవాళ్లు నవ్వినారు. నీళ్లు తెస్తాన్న నేను బిందె దించి, "మా ఇంట్లో కట్టించండి సార్" అన్నాను.

ఆ మాట నాకంటే ముందే ఇల్లు చేరింది. మామ కంచం ముందు కూర్చొని, "పేడ గ్యాసు మీద వండిన కూడు నేను ముట్టను" అన్నాడు.

"ఇన్నాళ్లూ తిన్నది పిడకల మీద వండిందే గదా మామా. పిడకలు దేంతో చేసినాం?"

"ఎదురు మాట్లాడొద్దు."

"పొగలో కూర్చునేది నేను. అందుకే మాట్లాడతాండా."

మా ఇంటాయన తెల్లారి గడ్డపార తీసుకొని పెరట్లోకి పోయినాడు. ఆయన తవ్వితే నేను మట్టి మోసినాను. మేస్త్రీ వచ్చి ఇటుకలు కట్టినాడు. డ్రమ్మును ఆదోని నుంచి ఎద్దులబండి మీద తెచ్చుకున్నాము. రోజూ పేడ కలిపి పోసినా మూడు వారాలు డ్రమ్ము కదల్లేదు. పక్కింటామె గోడ మీది నుంచి తొంగిచూసి, "అది పేలితే మా ఇల్లు కూడా పోతాది" అనేది. ఒకనాడు పొద్దున చూస్తే డ్రమ్ము జానెడు లేచింది. పొయ్యి దగ్గర అగ్గిపుల్ల గీస్తే గ్యాసు అంటుకోలేదు. మొదటి గ్యాసులో గాలి కలిసుంటాది, వదిలేయమని మేస్త్రీ అంటే వదిలినాము. మళ్లీ నిండినాక గీస్తే నీలంగా మంట లేచింది.

ఆ పూట రాగిముద్ద, పప్పు చేసినాను. మామ లేచి తమ్ముని ఇంటికి పోయి తిన్నాడు. నాలుగు దినాలు అదే వరస. అయిదోనాడు ఆయన పాత పొయ్యి వెలిగించమని అత్తను పురమాయించినాడు. ఆయన మాట ఎన్నడూ కాదనని మనిషి అత్త. గడ్డపార తెచ్చి, మట్టిపొయ్యిని తనే పగలగొట్టింది.

"నా ఒక కన్ను తిన్నాది ఇది. రెండోది ఇయ్యను. నువ్వు యాడ తింటావో తిను పో."

మామ ఆ రాత్రి కంచం ముందు కూర్చున్నాడు. రెండోసారి పప్పు అడిగినాడు.

ఎండాకాలం వస్తే మేత లేక గొడ్లు చిక్కిపోయేవి. నీళ్లకూ కరువే. డ్రమ్ము సగమే లేచేది. ఒక పూట గ్యాసు మీద, ఒక పూట పెరట్లో మూడు రాళ్లు పెట్టి వండేదాన్ని. "ఇంక పూడ్చిపెట్టమ్మా దాన్ని" అని ఊరివాళ్లు సలహా చెప్పేవాళ్లు. ఒక పూట పొగ తప్పినా తప్పినట్టే అని చెప్పి, పేడకు బకెట్టు తీసుకొని గొడ్ల కొట్టంలోకి పోయేదాన్ని. డ్రమ్ముకు తుప్పు పట్టకుండా ఏటేటా నేనే రంగు పూసినాను. చాలా ఇండ్లలో ఆ గుంతలు మూతబడినాయి. మాది మాత్రం బర్రెలు ఉన్నన్నాళ్లూ మండింది.