అత్త తోయనన్న జీపు

మొన్న ఆదోనిలో నా కారు తాళం తిప్పితే "టక్" అని ఊరుకుంది. మెకానిక్ వచ్చి చూసి, "స్టార్టర్ మోటారు మొత్తం మార్చేద్దాం సార్, ఈ కాలంలో బుష్షులు ఎవురు మారుస్తాండారు?" అన్నాడు. బుష్షులంటే మోటారు ఇరుసు రెండు కొసల్లోనూ పట్టి ఉండే చిన్న కంచు గొట్టాలు. ఆ మాట వినగానే ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా మేనమామ గుర్తొచ్చి, రోడ్డు మీదే నవ్వేశాను.

చాలా ఏళ్ళ కిందట మామ ఒక పాత జీపు కొన్నాడు. తాళం తిప్పితే అదీ ఇట్లాగే "టక్" అని ఊరుకునేది. కొన్నది ఆయన, తోసింది మేము. చివరికి ఒకనాడు ఆదోనిలో అత్త పుట్టింటి ముందర, వాళ్ళ వదినలు గడపలో నిలబడి చూస్తుండగా, పట్టుచీరలో ఉన్న అత్త చేత కూడా తోయించాడు. అంతే, అత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంగొక్కసారి తోయమంటే సూడు, ఈ జన్మలో ఈ బండెక్కను. మంత్రాలయానికి బస్సులోనే పోతా" అంది. అత్త పక్కన లేకుండా జీపు నడపడమంటే మామకు ప్రాణం పోయినట్టే. పైకి మాత్రం మీసం దువ్వుకున్నాడు.

మా వీధి చివరి మెకానిక్ సాయెబు మోటారు విప్పి, "బుష్షులు అరిగిపోయినాయప్పా, ఇరుసు ఊగి పక్కకు తగులుకుంటాంది. కొత్తవి నూనెలో నానబెట్టి ఎయ్యి" అని చెప్పి పంపాడు. మామ నానబెట్టాడు, వేశాడు, అంతవరకూ బాగానే ఉంది. కానీ నేతగాడి చెయ్యి ఊరుకుంటుందా? మగ్గంలో ఏది కిర్రుమన్నా నూనె చుక్క వేయడం ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కరెంటు అందించే బ్రష్షులతో సహా, లోపల కనబడిన ప్రతిదానికీ పెళ్ళికొడుక్కి తలంటినట్టు నూనె పట్టించాడు.

మర్నాడు పొద్దున మంత్రాలయం పోవడానికి అత్త పూలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వీధి వీధంతా చూస్తోంది. మామ తాళం తిప్పాడు. ఈసారి "టక్" కూడా లేదు. అత్త సంచీ తీసుకుని దిగి, బస్టాండుకు నడిచింది. మామ మొహం చూస్తే నవ్వు ఆగలేదు, పాపమూ అనిపించింది.

సాయెబును లాక్కొచ్చాము. మోటారు విప్పి తల పట్టుకున్నాడు. "యాందప్పా ఇది, మోటారా, మిరపకాయ బజ్జీనా? నూనె తాగాల్సింది బుష్షులు, బ్రష్షులు కాదు! నూనె పడితే కరెంటు యాడ పారుతాది?" అంటూ పెట్రోలు గుడ్డతో తుడిచి బిగించాడు. జీపు గుర్రుమంది. దేవుడి దయవల్ల బస్సు ఇంకా రాలేదు. మామ మమ్మల్నీ ఎక్కించుకుని పోయి బస్టాండులో అత్త ముందర జీపు నిలిపాడు, ఇంజను మాత్రం ఆపలేదు. అత్త మూతి ముడుచుకునే ఎక్కింది.

మంత్రాలయం చేరాక కూడా ఆయన ఇంజను ఆపలేదు. "మీరు దర్శనం చేసుకోని రాండి, నేను ఈడే ఉంటా" అని స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. అత్త నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"ఆపి దిగు. మళ్ళా స్టార్టు కాకపోతే నేనే తోస్తాలే" అంది.

బండి కదలక సతమతమైన ఆ రెండు రోజులూ నాకు గంట గంటా గుర్తున్నాయి. ఏ అడ్డూ లేకుండా సాగిపోయిన తర్వాతి ఏళ్ళలో మాత్రం ఒక్క రోజు కూడా గుర్తు రావడం లేదు.