న వత్తు

దుర్గ్ కోర్టులో జడ్జి గారి గది తలుపు మూసుకుంది. లోపల నా ఆరేళ్ల కూతురు ఒక్కతే ఉంది. అమ్మ దగ్గరుంటావా, నాన్న దగ్గరుంటావా అని దాన్నే అడుగుతారట. అమ్మ దగ్గరని చెప్పమని ముందురోజే నేర్పుదామనుకున్నాను, నోరు రాలేదు. ఇంట్లో అయినదానికీ కానిదానికీ గయ్యిమని లేచే నేను ఆ బెంచీ మీద పిల్లిలా కూర్చున్నాను.

మేం విడిపోయి ఏడాదైంది. పిల్లా నేనూ ఖుర్సీపార్‌లో మా పుట్టింట్లో, మా ఆయన వైశాలి నగర్‌లో. ఆ రోజు ఆయనకి స్టీల్ ప్లాంటులో సెలవు దొరకలేదు. ఆయన తరఫున హిందీ వకీలు ఒక్కడే వచ్చాడు.

పిల్ల చేతిలో చాక్లెట్‌తో గెంతుకుంటూ బయటికొచ్చింది.

"ఏటి సెప్పావే?" అన్నాను.

"నాన్న కే పాస్ రహ్నా హై, అన్నాను."

నాన్న దగ్గర ఉంటానంది. సగం హిందీ, సగం తెలుగు, ఈ హిందీ ఊళ్లో పుట్టిన పిల్లకి వచ్చిన భాషే అది. మొన్న జడ వేస్తుంటే కదిలిందని వీపు మీద ఒక్కటిచ్చాను, అందుకేనా తల్లీ?

నన్నూ ఆ వకీల్నీ లోపలికి పిలిచారు. జడ్జి మేడమ్ నవ్వుతూ హిందీలో అన్నారు, "పాప వాళ్ల నానాజీ దగ్గరే ఉంటానంటోంది. సరే, మీ ఇంట్లోనే ఉండనివ్వండి."

హిందీలో నానా అంటే తల్లికి తండ్రి. మా నాన్నని అది తాతా అనే పిలుస్తుంది, ఏనాడూ నానా అనలేదు. ఒక్క న వత్తు ఆవిడకి వినబడలేదు, అంతే. ఆ గదిలో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"జీ మేడమ్" అన్నాను.

కేసు తేలేదాకా పిల్ల నా దగ్గరే, ఆదివారాలు తండ్రి వచ్చి తీసుకెళ్లి సాయంత్రానికి దింపాలి అన్నారు. మా అమ్మ సంబరంగా లడ్డూలు పంచింది. నా లడ్డూ నేను పిల్లకిచ్చేశాను. గేటు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేదాన్ని. పిల్ల ఎవరితో మాట్లాడుతున్నా పక్కన చేరి చెవులు రిక్కించేదాన్ని. ఛీ, నా బతుకు!

ఆదివారం రానే వచ్చింది. ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు. పిల్ల చెప్పుల కోసం పరిగెత్తాక, నా మొహం చూడకుండా అడిగాడు.

"వకీలు సెప్పినాడు. దానికి నేనక్కర్నేదన్నాదట. నేనేటి సేసేనే దాన్ని?"

ఆయన కళ్లలో నీళ్లు. పెళ్లయ్యాక ఒక్కసారీ ఆయన ఏడవగా చూడలేదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే పిల్ల పోతుంది.

ఇంతలో పిల్ల వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని నాకేసి తిరిగింది.

"అమ్మా, నా బట్టలు సద్దీయవా? జడ్జి మేడమ్‌కి సెప్పీసాను కదా, ఇంక నాన్న దగ్గిరే ఉంటానని."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు.