షామియానా గుంతలు

పరుగుపందాల మైదానంలో గుంతలు తవ్వి వదిలేసే హక్కు సభలు పెట్టేవారికి ఎవరిచ్చారు?

నిన్న కామారెడ్డిలో ఒక కళాశాల మైదానంలో పరుగు గీతలకు వేసిన సున్నం వాసన తగలగానే, ఎల్లారెడ్డిలో అక్క పరిగెత్తిన రోజు గుర్తొచ్చింది. ఆనాడు జిల్లా జట్టుకు ఎంపిక పోటీలు. ముందురోజు సభకు వేసిన షామియానా గుంజలు పీకేశారు, గుంతలు మిగిలాయి. నాకప్పుడు ఏడేళ్లు. అవి గోలీలాట కోసం తవ్వారని మురిసిపోయాను.

అందరికంటే ముందున్న అక్క, కాలు గుంతలో పడి కూలిపోయింది.

"చూసుకొని ఉరకొద్దా బిడ్డా?" అన్నారు వ్యాయామ ఉపాధ్యాయుడు.

"ఉరికేటోళ్లు ముందట జూస్తరా, కింద జూస్తరా సార్?" అంది అక్క ఏడుస్తూనే.

జట్టులో చోటు అక్కకు దక్కలేదు. నిన్నటి సున్నపు గీత కూడా ఒక గుంతలోకి దిగి పైకొచ్చింది.

మీ ఊరి మైదానంలో సభ ముగిశాక, గుంతలు పూడ్చేదాకా నిర్వాహకులను కదలనివ్వకండి.