చేతిలో అష్టాచెమ్మ

సంతోషి నాచారంలో సీసామూతలు చేసే ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. జనగామ నుంచి వచ్చి ఉప్పల్‌లో ఒక గది అద్దెకు తీసుకుంది. ఐటీఐ చదివిన అమ్మాయి. ఆదివారాలు ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది.

పక్క గదిలో వెంకటనర్సమ్మ ఉండేది. ఒకప్పుడు అష్టాచెమ్మలో వాడకట్టు మొత్తంలో ఆమెకు ఎదురు లేదు. కీళ్లవాతంతో వేళ్లు కొంకర్లు పోయాక గవ్వలు పట్టలేకపోయింది. ఎవరైనా విసిరిపెడతామంటే, "మీరు ఇసిరితే అది నా పందెమెట్లయితది?" అనేది.

చిన్నాయన కొడుకు వాడి వదిలేసిన ప్లేస్టేషన్ పోర్టబుల్, చేతిలో పట్టుకుని ఆడే ఆటల పెట్టె, ఒకటి సంతోషి దగ్గరుంది. దానికోసం అష్టాచెమ్మ ఆట రాసింది. వెంకటనర్సమ్మ దగ్గరున్న గవ్వలనే తీసుకుని నేలమీద దొర్లించి, ఆ చప్పుడు సెల్‌ఫోన్‌లో పట్టి అందులో పెట్టింది.

ఆట తెరుచుకోలేదు. సొంతంగా రాసుకున్నవి నడవాలంటే అందులో కస్టమ్ ఫర్మ్‌వేర్, అంటే కంపెనీది కాకుండా బయటివాళ్లు మార్చి రాసిన లోపలి సాఫ్ట్‌వేర్, ఉండాలి. ఉంది గానీ మరీ పాతది. కొత్తది ఎక్కించాలి. ఎక్కుతుండగా మధ్యలో ఆగిపోతే మాత్రం ఆ పెట్టె ఇక ఎప్పటికీ వెలగదు.

సాయంత్రం సంతోషి పక్క గదికి వెళ్లి, వెంకటనర్సమ్మ పక్కనే మంచం మీద కూర్చుని మొదలుపెట్టింది. ఎంత ఎక్కిందో తెర మీద చూపే గీత సగం దాకా నిండేసరికి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది.

"ఏమైంది పిల్లా?"

"జర ఆగవ్వా. బ్యాటరీ మీదున్నది."

గీత నిండింది. తెర నల్లబడింది. అంతలో మళ్లీ వెలిగింది. సంతోషి ఆట తెరిచింది, ఆ వెలుగులో అష్టాచెమ్మ గళ్లు.

వెంకటనర్సమ్మ వంకర బొటనవేలితో మీట నొక్కింది. గవ్వలు దొర్లాయి.

"గీ సప్పుడు నా గవ్వలదే," అంది మెల్లగా.

"నీయే. ఎన్ని పడ్తయో నాక్కూడ తెల్వదవ్వా."

"నువ్వే రాస్తివి గద?"

"రాసిన. అయినా తెల్వది. నువ్వు నొక్కినప్పుడే తేల్తది."

నాలుగూ బోర్లా పడ్డాయి. అష్ట, అంటే ఎనిమిది, మళ్లీ వేసే వంతు కూడా. ముసలామె "ఇంకో పందెం నాదే," అని మళ్లీ నొక్కింది. చీకట్లోనే ఆడి సంతోషిని ఓడించింది.

మర్నాడు డ్యూటీలో రోజూ నడిపే మెషిన్ ముందు సంతోషి నిలబడిపోయింది. తన ఆటలో లాగే దీని లోపలా ఎవరో ఒక మనిషి రాసిన మాటలే నడుస్తున్నాయని మొదటిసారి తోచింది. వెచ్చగా ఉన్న దాని ఒంటి మీద కాసేపు చెయ్యి అలాగే ఉంచింది.